స్పెయిన్ అడ్రసు బాగుపడింది, భీమవరం రైతుల పేర్లు పాడయ్యాయి: యాక్సెంట్ గుర్తులు తీసే కోడ్‌లో ఎక్కడ తప్పు?

రొయ్యలకోడు | గురువారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఆరుగురం ఉండే చిన్న ఆఫీసు మాది. రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీకి బిల్లులు, లేబుళ్లు, రైతుల పేమెంట్లు, అన్నీ కలిపి ఒక సాఫ్ట్‌వేర్ చేసిపెట్టాం. పైథాన్‌లో కోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. కోడ్ ఆఫీసు మెషీన్ దాటకూడదని రూలు, పైగా ఇది ఫోన్‌లో టైప్ చేస్తున్నా. అందుకని కోడ్ పేస్ట్ చేయకుండా మాటల్లోనే చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

డబ్బాల మీద అంటించే లేబుల్ ప్రింటర్ ఒకటుంది, బాగా పాతది. స్పెయిన్‌లో లా కొరున్యా అనే రేవుకి సరుకు వెళ్తుంది. ఆ పేరులో 'ఎన్' అక్షరం నెత్తిన అలలాంటి గీత ఉంటుంది. మా లేబుల్ మీద ఆ అక్షరం చోట పక్కకి తిప్పిన 'టి' లాంటి గీత ఒకటి, దాని పక్కన చుక్కలు నింపిన గడి ఒకటి పడ్డాయి. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ ఫొటో తీసి "ఇదేం డిజైనమ్మా" అని వాట్సాప్‌లో పెట్టాడు.

నెట్‌లో వెతికితే అందరూ చెప్పే మందే దొరికింది. స్ట్రింగ్‌ని ఎన్‌ఎఫ్‌డీ చెయ్యి (అంటే అక్షరాన్నీ దాని గుర్తునీ విడగొట్టు), యూనికోడ్ కేటగిరీ 'ఎంఎన్' అయిన క్యారెక్టర్లన్నీ తీసెయ్, మిగిలినవి కలిపెయ్. నాలుగు లైన్లు. కొరున్యాలో అల పోయింది. ఫ్రాన్స్‌లో సెత్ అనే రేవు పేరులో 'ఇ' మీద గీత పోయింది. సంతోషంగా సోమవారం ప్రొడక్షన్‌లో పెట్టేశా. లేబుల్ ప్రింట్ చేసే చోట పెట్టి ఉంటే సరిపోయేది. నేను తెలివి ఎక్కువై, టేబుల్‌లోకి సేవ్ అయ్యే దారిలోనే పెట్టా. అన్ని కాలమ్‌లకీ.

ఇవాళ పొద్దున భీమవరం నుంచి ఫోన్. పేమెంట్ స్లిప్ మీద శ్రీనివాస్ గారి పేరు "శరనవస" అని వచ్చింది. సుబ్బారావు గారు "సుబబరవు". వెంకటేశ్వర్లు గారు "వంకటశవరలు". ఊరేమో "భమవరం". ఒక పెద్దాయన "అమ్మా, కిలోకి కౌంట్ పెరిగిందని రేటు కోశారు సరే, పేరు కూడా కోశారా" అన్నారు. ఏం చెప్పాలో తెలియలేదు. కోడ్ వెనక్కి తీసేశా. కానీ సోమవారం నుంచి సేవ్ అయిన పేర్లు అలాగే ఉన్నాయి.

నాకు అర్థం కానిది ఏంటంటే, అన్నీ పోయుంటే పోయాయి అనుకునేదాన్ని. కొమ్ములు పోలేదు. సున్నా పోలేదు. కృష్ణ "కృషణ" అయ్యాడు గానీ వట్రసుడి భేషుగ్గా ఉంది. గుడులు, దీర్ఘాలు, ఎత్వాలు, పొల్లులు మాత్రం తుడిచిపెట్టుకుపోయాయి. ఎందుకీ పక్షపాతం?

ఇంకా ఉంది. వియత్నాంలో దా నాంగ్ పేరులో మిగతా గుర్తులన్నీ పోయాయి, మొదటి 'డి'కి ఉన్న అడ్డగీత మాత్రం చెక్కుచెదరలేదు. సెత్ కస్టమర్‌కి రెండు రికార్డులున్నాయి, కంటికి ఒకేలా ఉన్నా రెండూ సమానం కాదంటోంది పైథాన్. ఐస్ ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన పాత సప్లయర్ల ఎక్సెల్ ఫైల్ ఒకటుంది, అందులో పేర్లన్నీ టోపీలు, కొమ్ములు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలే. దాని మీద కూడా ఇదే ఫంక్షన్ నడిపితే ఇంకా చెత్తగా తయారైంది.

రేపు మధ్యాహ్నం మీటింగ్. టెన్షన్‌గా ఉంది.

ఒక్కలైను | గురువారం రాత్రి 11:58

ఇంత కథ ఎందుకండీ. ఎన్‌కోడ్ ఆస్కీ (వట్టి ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు), ఎర్రర్స్ ఇగ్నోర్, మళ్లీ డీకోడ్. ఒక్క లైన్. నేను ఐదేళ్లుగా వాడుతున్నా, ఏ సమస్యా లేదు.

రొయ్యలకోడు | శుక్రవారం 12:06

థాంక్స్ అండీ, ఇప్పుడే లాప్‌టాప్‌లో చూశా. శ్రీనివాస్ గారి పేరు పూర్తిగా ఖాళీ అయింది. స్లిప్ మీద డబ్బులున్నాయి, మనిషి లేడు.

బండికోడు | శుక్రవారం 12:51

ఐదేళ్లుగా సమస్య రాలేదంటే ఐదేళ్లుగా మీ సిస్టమ్‌లో తెలుగు లేదని అర్థం, అంతే.

రొయ్యలకోడు గారూ, ముందు మీ పక్షపాతం సంగతి. నేను సెర్చ్ పని చేస్తాను, హైదరాబాద్‌లో. ఈ గోతిలో నేనూ పడ్డాను కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

యూనికోడ్‌లో ప్రతి క్యారెక్టర్‌కీ ఒక కేటగిరీ ఉంటుంది. అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉండే గుర్తులకి ముఖ్యంగా రెండు కేటగిరీలు. తనకంటూ చోటు తీసుకోకుండా అక్షరం మీదో కిందో కూర్చునేది ఎంఎన్. పక్కన కొంచెం జాగా తీసుకునేది ఎంసీ. మన గుణింతంలో దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం, పొల్లు, ఇవన్నీ ఎంఎన్. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, అరసున్నా, సున్నా, విసర్గ ఎంసీ. ఆ కోడ్ రాసినవాడి దృష్టిలో ఎంఎన్ అంటే ఫ్రెంచి అక్షరం నెత్తిన గీత. కంప్యూటర్ దృష్టిలో మన గుడి కూడా అదే జాతి. అందుకే శ్రీలో గుడిదీర్ఘం ఎగిరిపోయింది, సుబ్బారావులో మొదటి కొమ్ము, చివరి కొమ్ము బతికిపోయాయి.

ఒత్తులు ఎందుకు విడిపోయాయో కూడా ఇందులోనే ఉంది. మెమరీలో ఒత్తు అని విడిగా ఏమీ ఉండదు. ష, పొల్లు, ణ, ఈ మూడూ వరసగా ఉంటే ఫాంట్ దాన్ని ష్ణ అని గీస్తుంది. మధ్యలో పొల్లు తీసేస్తే ష, ణ ఎవరికి వారు. కృషణ.

ఇప్పుడు అసలు ప్రమాదం. "యాక్సెంట్లు తీసెయ్యి" అని నెట్‌లో దొరికే మందులన్నీ ఒకటి కావు. ఒక్కోటి తెలుగుని ఒక్కో రకంగా గాయపరుస్తుంది. ఇందాక కూర్చుని "హైదరాబాద్" మీద నడిపి చూశా. ఒక్కలైను గారి మందుతో ఖాళీ. మీ ఎంఎన్ మందుతో "హదరబద". ఇంకో మందు ఉంది, కేటగిరీ బదులు 'కంబైనింగ్' అనే ఫంక్షన్‌ని అడిగి, సున్నా కానిది తీసేస్తుంది. దాంతో "హెదరాబాద" వచ్చింది. ఇది మరీ దొంగది. మన గుణింతాలకి కంబైనింగ్ విలువ సున్నా, అందుకని దాదాపు అన్నీ నిలుస్తాయి. పొల్లుకి మాత్రం 9, అది పోతుంది. ఐత్వం ఎన్‌ఎఫ్‌డీలో రెండు ముక్కలవుతుంది: ఎత్వం ఒకటి, కింద ఉండే చిన్న ముక్క ఒకటి. ఆ కింది ముక్క విలువ 91, అదీ పోతుంది. హై కాస్తా హె అవుతుంది. "రాము", "సీత" అని టెస్ట్ చేస్తే ఈ మందు పాసవుతుంది. "మైసూర్" అని టెస్ట్ చేస్తే తప్ప దొరకదు.

స్పెషల్ క్యారెక్టర్లు తీసేస్తామని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ రాసేవాళ్లు ఇంకో గుంపు. 'డబ్ల్యూ' క్లాస్‌లో, అంటే మాటల్లో వచ్చే అక్షరాలు, అంకెల జాబితాలో, లేనివన్నీ తీసెయ్ అంటారు. పైథాన్‌తో వచ్చే ఆర్‌ఈ మాడ్యూల్ లెక్కలో మన గుణింతపు గుర్తులు ఏవీ ఆ క్లాస్‌లో లేవు, కొమ్ములు, సున్నాతో సహా. "తెలుగు" అని ఇస్తే "తలగ" అని ఇస్తుంది. రెజెక్స్ అని విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే మాడ్యూల్ ఈ విషయంలో నయం. జావాస్క్రిప్ట్‌లో ఆ 'డబ్ల్యూ' క్లాస్‌కి ఆస్కీ తప్ప ఏమీ తెలియదు, తెలుగు మొత్తం స్పెషల్ క్యారెక్టరే దానికి. మన భాష మొత్తాన్ని 'స్పెషల్' అన్నందుకు గర్వపడాలో ఏమో.

మీకు కావాల్సింది ఇది. ఎన్‌ఎఫ్‌డీ చెయ్యండి. తర్వాత కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో క్యారెక్టర్‌కి ఇచ్చిన నంబర్) 768 నుంచి 879 వరకు ఉన్నవి మాత్రమే తీసెయ్యండి. లాటిన్ అక్షరాల నెత్తిన కూర్చునే గుర్తుల్లో మీకు ఎదురయ్యేవన్నీ ఆ 112 గడుల్లోనే ఉంటాయి. తెలుగు బ్లాక్ 3072 నుంచి 3199 దాకా, దాని జోలికి పోదు. ఆఖర్న తప్పకుండా ఎన్‌ఎఫ్‌సీ చేసి మళ్లీ కలపండి. ఇది మర్చిపోతే "హైదరాబాద్" తొమ్మిది కోడ్ పాయింట్లకి బదులు పదితో టేబుల్‌లో కూర్చుంటుంది. కంటికి తేడా ఉండదు, వెతికితే దొరకదు. జావాలో రాసేవాళ్లు చదువుతుంటే: రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో మార్కులన్నిటికీ కలిపి ఉండే 'ఎం' క్లాస్ వాడకండి, కంబైనింగ్ డయాక్రిటికల్ మార్క్స్ అనే బ్లాక్ పేరు వాడండి.

మీ సెత్ కస్టమర్ జబ్బు కూడా ఇదే. ఒక రికార్డులో ఆ 'ఇ' ఒకే కోడ్ పాయింట్, 232. ఇంకో దాంట్లో రెండు: మామూలు 'ఇ' 101, పక్కన విడి గీత 768. నాలుగక్షరాల ఊరు ఒకచోట నాలుగు, ఒకచోట అయిదు. లెంగ్త్ అడిగి చూడండి. సాధారణంగా ఇలాంటి విడిపోయిన రూపం మ్యాక్ నుంచి వచ్చిన ఫైల్ పేర్లలో కనిపిస్తుంది, వాళ్ల పాత ఫైల్ సిస్టమ్ పేర్లని విడగొట్టి దాచేది. లోపలికి వచ్చే ప్రతి స్ట్రింగ్‌నీ గుమ్మం దగ్గరే ఎన్‌ఎఫ్‌సీ చేస్తే ఈ గొడవ ఉండదు. ఎన్‌ఎఫ్‌సీ ఏ గుర్తునీ తీసెయ్యదు, అన్ని కాలమ్‌లకీ పెట్టినా ఎవరూ భీమవరం నుంచి ఫోన్ చెయ్యరు.

దా నాంగ్: అందులో రెండో 'ఎ' మీద రెండు గుర్తులుంటాయి, గిన్నె లాంటిది ఒకటి, దానిపైన అల. విడగొడితే 97, 774, 771 వస్తాయి, రెండూ పోతాయి. 'డి'కి ఉన్న అడ్డగీత అలా అంటించింది కాదు, అక్షరంలో భాగం. పెద్దబడి 272, చిన్నబడి 273. యూనికోడ్ దాన్ని విడగొట్టదు. పోలిష్ వాళ్ల గీత ఉన్న 'ఎల్' 322, డేనిష్ వాళ్ల గీత ఉన్న 'ఓ' 248, జర్మన్ రెండు ఎస్‌ల అక్షరం 223, టర్కీ వాళ్ల చుక్కలేని 'ఐ' 305, ఇవన్నీ అంతే. వీటికి చేత్తో రాసుకున్న చిన్న పట్టిక తప్ప దారి లేదు.

ఒక ప్రశ్న. మీ ప్రింటర్‌కి ఆ 'ఎన్' నిజంగా రాదని ఎవరు చెప్పారు?

రొయ్యలకోడు | శుక్రవారం 1:20

మీ రిప్లై రెండుసార్లు చదివా. లెంగ్త్ చూశా, 4, 5. అవును, రెండో రికార్డు వాళ్లు మ్యాక్ నుంచి పంపిన ఇన్‌వాయిస్ ఫైల్ పేరులోంచి మా కోడ్ తీసుకున్నదే.

ప్రింటర్‌కి రాదని ఎవరూ చెప్పలేదు. పిచ్చి గీతలు పడితే రాదనుకున్నా.

బండికోడు | శుక్రవారం 1:34

ఆ పిచ్చి గీతలే సాక్ష్యం. యూటీఎఫ్-8లో, అంటే యూనికోడ్‌ని బైట్లుగా రాసే పద్ధతిలో, ఆ 'ఎన్' రెండు బైట్లు, 195, 177. పాత డాస్ కాలపు కోడ్ పేజీల్లో (ఏ బైట్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టికలు), 437లో గానీ 850లో గానీ, 195 అంటే గోడకి ఆనిన టీ గీత, 177 అంటే చుక్కల గడి. మీరు వర్ణించింది అచ్చం అదే. అంటే మీ ప్రింటర్ పాడవలేదు, మీరు పంపిన భాష దానికి రాలేదు. అదే కోడ్ పేజీలో అల ఉన్న చిన్న 'ఎన్' 164 దగ్గర ఉంది పాపం, ఎవరైనా అడుగుతారేమోనని కూర్చుని. ప్రింటర్ సెట్టింగుల కాగితం ఒకటి ప్రింట్ తీసి కోడ్ పేజీ నంబర్ చూడండి. 850 అయితే స్పెయిన్, ఫ్రాన్స్, జర్మనీ పేర్లు గుర్తులతో సహా వస్తాయి. వియత్నాం, పోలండ్ రావు, వాటికి మాత్రం గుర్తులు తీసి పంపండి. కొత్త ప్రింటర్ కొంటే జీబ్రా తరహా వాటిలో సీఐ28 అని ఒక కమాండ్ ఉంటుంది, దాంతో నేరుగా యూటీఎఫ్-8 తీసుకుంటాయి.

తీసెయ్యడం ఆఖరి మందు. మనం మొదటి మందుగా వాడుతున్నాం.

మ్యూనిక్‌మావయ్య | శుక్రవారం 2:15

ఇక్కడ జర్మనీలో ఇంకా గురువారం రాత్రే, నిద్ర రాక చదువుతున్నా. బండికోడు గారు చెప్పినదానికి ఒక తోక.

జర్మన్ పేర్లలో 'యు' మీద రెండు చుక్కలుంటాయి. చుక్కలు తీసేసి వట్టి 'యు' పెడితే ఇక్కడివాళ్లకి అది ఇంకో పేరు. మా ఇంటి ఓనర్ పేరులో ఆ అక్షరం ఉంది. విమానం టికెట్ మీద ఆయన పేరు యు, ఇ అని రెండక్షరాలుగా వస్తుంది. పాస్‌పోర్ట్‌లో పైన చుక్కలతోనే ఉంటుంది, అడుగున మెషీన్ చదివే రెండు వరసల్లో మాత్రం యు, ఇ. ఆ వరసల్లో ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలు, అంకెలు, నింపడానికి వాడే బాణం గుర్తు తప్ప ఇంకేమీ పనికిరావు కాబట్టి, ఏ అక్షరానికి బదులు ఏది రాయాలో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ వాళ్ల 9303 నంబర్ డాక్యుమెంట్‌లో పట్టిక ఉంది. రెండు ఎస్‌ల అక్షరానికి ఎస్‌ఎస్, గీత ఉన్న 'ఓ'కి ఓఈ. సొంత పట్టిక రాసుకునే ముందు అది ఒకసారి చూడమ్మా.

అలాగని రెండు చుక్కల 'యు' కనిపించిన ప్రతిచోటా యు, ఇ పెట్టేయకు. క్యూబాలో కమగ్వే అని ఊరుంది, స్పానిష్ పేరు. అందులో చుక్కల 'యు' పక్కనే 'ఇ' ఉంది. జర్మన్ రూల్ పెడితే రెండు 'ఇ'లు వచ్చి కూర్చుంటాయి. మీ టేబుల్‌లో దేశం కాలమ్ ఉంటే దాన్నిబట్టి నిర్ణయించు.

ఇక స్పానిష్‌లో ఆ అల తీసేయడం గురించి పెద్దవాళ్ల జోకు ఒకటుంది. సంవత్సరం అనే మాటలో 'ఎన్' మీద అల తీసేస్తే మలద్వారం అవుతుంది. "మీ కంపెనీకి ఎన్ని సంవత్సరాలు" అని ఫారంలో అడిగి చూడు, కస్టమర్ ఎలా నవ్వుతాడో.

తెనాలిడీటీపీ | శుక్రవారం ఉదయం 6:50

అమ్మాయ్, ఐస్ ఫ్యాక్టరీ వాళ్ల ఎక్సెల్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది నాకొదిలెయ్.

నేను తెనాలిలో ముప్పై ఏళ్లుగా డీటీపీ. పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఓటరు స్లిప్పులు. నువ్వు చెప్పిన టోపీలు, కొమ్ములు పెట్టుకున్న ఇంగ్లీషు నాకు రోజూ కనిపించే మొహమే. అది ఇంగ్లీషూ కాదు, ఫ్రెంచీ కాదు. అచ్చమైన తెలుగు, అను ఫాంట్లలో కొట్టింది. ఆ ఫాంట్లు యూనికోడ్‌కి ముందు కాలానివి. తెలుగు అక్షరం ముక్కల్ని, తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క, ఇలా లాటిన్ అక్షరాల గడుల్లో సర్దేశారు. గడులు చాలక యాక్సెంట్లున్న గడులూ వాడుకున్నారు. ఫాంట్ ఉన్న మెషీన్‌లో తెరిస్తే "సత్యనారాయణ". లేని మెషీన్‌లో తెరిస్తే నువ్వు చూసిన టోపీలు.

అందులో ఒక టోపీ తీసేశావంటే ఒక ఒత్తో, ఒక గుణింతమో తీసేసినట్టే. నీ ఫంక్షన్ తప్పు చెయ్యలేదు, దాని చేతికి ఇవ్వకూడని వస్తువు ఇచ్చావు. వాళ్ల దగ్గర ఒరిజినల్ ఫైల్ మళ్లీ అడుగు. ఎక్సెల్‌లో ఆ గడి మీద పెట్టి పైన ఫాంట్ పేరు చూడు, అను అనో ఇంకేదో పేరు కనిపిస్తుంది. ఆ ఫాంట్ పేరునిబట్టే కన్వర్టర్ వాడాలి, ఒక ఫాంట్ కన్వర్టర్ ఇంకో ఫాంట్‌కి పనికిరాదు. మార్చాక మనిషి చదివి సరిచూడాలి. ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి, మిషన్ని నమ్మి పెళ్లికూతురి పేరు అచ్చేసి నేను ఒకసారి మూడొందల కార్డులు మళ్లీ వేశాను, నా ఖర్చుతో.

బండికోడు | శుక్రవారం ఉదయం 8:05

బాబాయ్ గారు చెప్పింది నాకు తట్టనే లేదు. ఒక్క మాట కలుపుతా. ఇలాంటి ఫైల్ చూసినప్పుడు అది పాత ఫాంటా, లేక మంచి యూనికోడ్ తెలుగుని తప్పుగా తెరిచారా అని కంటితోనే పోల్చుకోవచ్చు. యూటీఎఫ్-8లో తెలుగు ప్రతి క్యారెక్టర్ మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. దాన్ని విండోస్ పాత ఎన్‌కోడింగ్‌లో తెరిస్తే గీత ఉన్న 'ఎ', దాని వెంట డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ గీత ఉన్న 'ఎ', మళ్లీ డిగ్రీ, ఇలా జ్వరం చార్టులా ఉంటుంది. అలా ఉంటే కన్వర్టర్ అక్కర్లేదు, సరైన ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే మొత్తం తెలుగు తిరిగొస్తుంది. ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచే సీఎస్‌వీలకి ఇది మామూలే. పైథాన్ నుంచి రాసేటప్పుడు యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఫైల్ మొదట్లో ఒక గుర్తు పెడుతుంది, దాంతో ఎక్సెల్‌కి తెలుస్తుంది.

రొయ్యలకోడు | ఆదివారం సాయంత్రం 5:30

లేటుగా రాస్తున్నా, సారీ. జరిగింది చెప్తా.

సెట్టింగుల కాగితం తీశాం. కోడ్ పేజీ 850. బండికోడు గారూ, మీకు దండం. లేబుల్ పంపే చోట ఎన్‌కోడింగ్ 850కి మార్చా, అంతే, కొరున్యా అలతో సహా వచ్చింది. అందులో లేని అక్షరాలకి మాత్రం 768-879 ఫంక్షన్, తర్వాత పదకొండు అక్షరాల పట్టిక. జర్మనీకి విడిగా నాలుగు లైన్లు, దేశం కాలమ్ చూసి. దా నాంగ్ 'డి' ఇప్పుడు మామూలు 'డి'.

మధ్యలో ఒక తెలివితక్కువ పని చేశా, అదీ చెప్పేస్తా. ఎన్‌ఎఫ్‌డీ కంటే ఎన్‌ఎఫ్‌కేడీ ఇంకా గట్టిదని ఎక్కడో చదివి అది పెట్టి చూశా. స్పెయిన్ అడ్రసులో రెండో అంతస్తుకి 2 రాసి పక్కన పైన చిన్న 'ఓ' పెడతారు. ఎన్‌ఎఫ్‌కేడీ దాన్ని మామూలు 'ఓ' చేసేసింది. లేబుల్ మీద 20 లాగే ఉంది. సూపర్‌వైజర్ "ఇరవయ్యో అంతస్తుకి రొయ్యలు ఎవరు మోస్తారు" అన్నాడు. వెంటనే తీసేశా.

టేబుల్‌లో పేరు ఇక ఎవరూ ముట్టుకోరు, వచ్చినది వచ్చినట్టు, ఎన్‌ఎఫ్‌సీ ఒక్కటే. వెతకడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టా. సాఫ్ట్‌వేర్, రాజ్‌కుమార్ లాంటి మాటల మధ్య కనపడకుండా ఉండి ఒత్తు పడకుండా ఆపే 8204 నంబర్ క్యారెక్టర్ కూడా ఆ వెతికే కాలమ్‌లోనే తీసేస్తున్నా, అసలు పేరులో ఉంచేశా. లేకపోతే స్లిప్ మీద రాజ్కుమార్ అని ఒత్తు పడుతోంది. యాక్సెంట్లు తీసే పోస్ట్‌గ్రెస్ ఫంక్షన్ అన్‌యాక్సెంట్ చూశా గానీ దాన్ని నేరుగా ఇండెక్స్‌లో పెట్టనివ్వలేదు, అందుకే పైథాన్‌లోనే చేశా.

పోయిన పేర్ల విషయం. పోయిన ఆదివారం రాత్రి బ్యాకప్ ఉంది కాబట్టి పాత రైతులందరి పేర్లు వెనక్కి వచ్చాయి. సోమవారం నుంచి గురువారం దాకా కొత్తగా చేరినవాళ్లు 41 మంది. "శరనవస"లోంచి శ్రీనివాస్‌ని వెనక్కి తీసుకురావడానికి ఏ కోడూ లేదు, అక్షరాల మీద గుర్తులేమీ మిగల్లేదుగా. కంపెనీ క్లర్కు గారి దగ్గర చెరువుల రిజిస్టరు ఉంది, నీలం అట్ట పుస్తకం. నిన్న ఆయన చదువుతుంటే నేను కొట్టా. 41 పేర్లు, గంటన్నర. ఒకచోట ఆయన రాత నాకు అర్థం కాక ఫోన్ చేసి అడిగాం.

తెనాలి బాబాయ్ గారూ, ఎక్సెల్ ఫైల్‌లో ఫాంట్ మీరు చెప్పినదే. ఒరిజినల్ మళ్లీ తెప్పించా. మార్చినవి కొంచెం తేడాగా ఉన్నాయి, ఒక ఇరవై పేర్లు మీకు పంపితే చూస్తారా? మెసేజ్ పెట్టాను.

ఇవాళ శ్రీనివాస్ గారికి కొత్త స్లిప్ వెళ్లింది. ఫోన్ చేశారు. పేరు సరిగ్గా ఉందన్నారు. ఇంటిపేరు మాత్రం రెండేళ్లుగా తప్పే ఉందట, చెప్పడానికి మొహమాటపడ్డారట. అది యూనికోడ్ తప్పు కాదు. నేనే కొట్టాను.